ల్యాప్‌టాప్‌కి తక్కువ ధరలో వైర్‌లెస్ మౌస్: ఎంచుకోవడం, పరీక్షించడం, తిప్పలు తప్పించుకోవడం

రూ.300 నుంచి రూ.1,200 లోపు వైర్‌లెస్ మౌస్‌లు లెక్కలేనన్ని ఉన్నాయి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేవి మాత్రం రెండే: డీపీఐ ఎంత, బ్యాటరీ ఎన్ని నెలలు. రోజూ విసిగించేవి వేరే ఉంటాయి. డాంగిల్‌కి, అంటే యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవర్‌కి, పోర్టు ఖాళీ ఉండదు. సైజు చేతికి కుదరదు. ఏడాది తిరక్కుండానే ఒక్కసారి నొక్కితే రెండు క్లిక్‌లు పడతాయి. అందుకే ముందు ల్యాప్‌టాప్‌ని చూడాలి, తర్వాత మీ చేతిని, ఆ తర్వాతే మౌస్‌ని.

ఇది చదువుకి, ఆఫీసు పనికి, ఎక్సెల్‌కి, బ్రౌజింగ్‌కి మౌస్ కావలసినవాళ్ల కోసం. గేమ్స్ ముఖ్యమైతే ఈ ధరలో వైరున్న మౌస్ కొనుక్కోవడమే మేలు.

1. ల్యాప్‌టాప్ పోర్టులు లెక్కపెట్టండి

ల్యాప్‌టాప్ రెండు పక్కలా చూసి ఒక కాగితం మీద రాసుకోండి.

☐ మామూలు వెడల్పాటి యూఎస్‌బీ పోర్టులు (టైప్-ఎ) ఎన్ని ఉన్నాయి?
☐ వాటిలో పెన్‌డ్రైవ్‌కో, ప్రింటర్‌కో, కీబోర్డుకో ఎప్పుడూ వాడేవి ఎన్ని?
☐ మిగిలిన పోర్టు కుడివైపు ఉందా, ఎడమవైపు ఉందా?
☐ ఆ పోర్టు లోపలి ప్లాస్టిక్ నీలం రంగులో ఉందా? ఉంటే అది చాలావరకు యూఎస్‌బీ 3 పోర్టు. ఈ సంగతి ఎందుకో పదో అంచెలో వస్తుంది.
☐ బ్లూటూత్ ఉందా?

బ్లూటూత్ ఉందో లేదో తెలియాలంటే విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. జాబితాలో 'బ్లూటూత్' అనే వరస కనిపిస్తే ఉన్నట్టే. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి అది ఉండదు, ఉన్నా డ్రైవర్ లేక పనిచేయదు. ఒకసారి ఫోన్‌తోనో ఇయర్‌బడ్స్‌తోనో జత చేసి చూస్తే అనుమానం తీరిపోతుంది.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇంకో ప్రశ్న ఉంది. కొన్ని ఆఫీసుల్లో బ్లూటూత్ ఆపేసి ఉంచుతారు, కొన్నిచోట్ల యూఎస్‌బీ మీద ఆంక్షలు ఉంటాయి. కొనేముందు ఐటీ వాళ్లని ఒక్క మాట అడగండి.

2. డాంగిలా, బ్లూటూతా?

డాంగిల్ మౌస్ అంటే గోరంత రిసీవర్‌ని యూఎస్‌బీలో గుచ్చి వాడేది. గుచ్చగానే పనిచేస్తుంది, జత చేసే పని లేదు. విండోస్ పాడై బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగ్స్‌లోకి) వెళ్లాల్సి వచ్చినా, కొత్తగా విండోస్ ఎక్కిస్తున్నా ఇది కదులుతుంది. బ్లూటూత్ మౌస్ సాధారణంగా అక్కడ పనిచేయదు.

బ్లూటూత్ మౌస్‌కి పోర్టు అక్కర్లేదు, డాంగిల్ పోతుందన్న భయమూ లేదు. ఫోన్‌తో, ట్యాబ్‌తో కూడా వాడుకోవచ్చు. కానీ ల్యాప్‌టాప్ నిద్ర లేచాక మళ్లీ కలవడానికి ఒకటి రెండు సెకన్లు పట్టవచ్చు. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ చిప్ నాసిరకమైతే పాయింటర్ అప్పుడప్పుడు తడబడుతుంది.

ఇలా తేల్చుకోండి:

☐ టైప్-ఎ పోర్టు ఒకటి ఎప్పుడూ ఖాళీ, ల్యాప్‌టాప్ ఒక్కటే: డాంగిల్. తక్కువ ధర, తక్కువ తలనొప్పి.
☐ టైప్-సి పోర్టులు మాత్రమే ఉన్న మ్యాక్‌బుక్ లాంటివి: బ్లూటూత్. డాంగిల్‌కి విడిగా అడాప్టర్ కొంటే ఆదా చేసిందంతా దానికే పోతుంది.
☐ ఆఫీసు ల్యాప్‌టాప్ ఒకటి, సొంతది ఒకటి: డాంగిల్, బ్లూటూత్ రెండూ ఉన్న మౌస్. అడుగున మీటతో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారవచ్చు.

డాంగిల్ గురించి దుకాణంలో చెప్పని విషయం ఒకటుంది. చవక మౌస్‌లలో డాంగిల్, మౌస్ ఫ్యాక్టరీలోనే జతపడి వస్తాయి. డాంగిల్ పోతే ఇంకోటి తెచ్చి కలపడం చాలావాటికి కుదరదు, మౌస్ మూలన పడ్డట్టే. లాజిటెక్‌లో యూనిఫైయింగ్, బోల్ట్ గుర్తులున్న మోడళ్లకి వేరే డాంగిల్ కొని జత చేసుకోవచ్చు. తక్కువ ధర మోడళ్లలో ఆ గుర్తు లేనివే ఎక్కువ. కాబట్టి డాంగిల్ దాచుకునే గూడు మౌస్ లోపల ఉందో లేదో తప్పకుండా చూడండి, సాధారణంగా బ్యాటరీ మూత కిందే ఉంటుంది.

3. చెయ్యి కొలవండి

మణికట్టు దగ్గరి మొదటి గీత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేలుతో కొలవండి. 17 సెంటీమీటర్లలోపు ఉంటే చిన్న చెయ్యి, 17 నుంచి 19 మధ్యస్థం, 19 దాటితే పెద్దది. వచ్చిన అంకెని 0.6తో గుణిస్తే మీకు సరిపడే మౌస్ పొడవు ఉజ్జాయింపుగా వస్తుంది. 18 సెంటీమీటర్ల చేతికి 10.8 సెంటీమీటర్లు.

లాజిటెక్ ఎం185 పొడవు 9.9 సెంటీమీటర్లు, ఎం331 పొడవు 10.5 సెంటీమీటర్లు. అంకెల్లో తేడా అర సెంటీమీటరే అయినా పెద్ద చేతివాళ్లకి ఎనిమిది గంటల పనిలో అది బాగా తెలుస్తుంది. చిన్న మౌస్‌ని పెద్ద చెయ్యి గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, సాయంత్రానికి బొటనవేలి కింద కండ లాగుతుంది.

ఎత్తు కూడా ముఖ్యమే. సంచిలో సులభంగా దూరే పలచటి మౌస్‌లు దాదాపు 2.6 సెంటీమీటర్ల ఎత్తే ఉంటాయి. రోజుకి గంట వాడకానికి పర్వాలేదు. పూటంతా ఎక్సెల్‌లో కూర్చునేవాళ్లకి 3.8 సెంటీమీటర్ల దగ్గర ఉన్నది మంచిది, అరచేయి దాని మీద ఆనుతుంది.

ఎడమచేతి వాటం వాళ్లు రెండువైపులా ఒకేలా ఉన్న ఆకారమే తీసుకోవాలి. ఒకవైపే బొటనవేలికి గాడి ఉన్నవి చాలావరకు కుడిచేతికి చేసినవే.

4. ఏ టేబుల్ మీద వాడతారు?

ఆప్టికల్ మౌస్ అడుగున దీపం వెలుగుతుంది. ఆ వెలుగులో చిన్న సెన్సర్ కింది ఉపరితలాన్ని సెకనుకి వెయ్యిసార్లకు పైగా ఫొటోలు తీసి పోల్చుకుంటుంది. గాజు మీద పోల్చుకోవడానికి గుర్తులేవీ ఉండవు కాబట్టి పాయింటర్ ఆగిపోతుంది, లేదా గెంతుతుంది. బాగా మెరిసే సన్‌మైకా, పాలిష్ గ్రానైట్, ఒకే రంగు నున్నటి టైల్స్ మీదా ఇదే బాధ. మౌస్ పాడైందని వెనక్కి పంపేవాటిలో అసలు తప్పు టేబుల్‌దే అయినవి తక్కువేం కాదు.

పరీక్ష సులువు. మౌస్ కింద ఒక తెల్ల ఏ4 కాగితం పెట్టండి. దాని మీద బాగా కదిలితే మౌస్ మంచిదే, రూ.100–150 పెట్టి గుడ్డ ప్యాడ్ ఒకటి తెచ్చుకోండి. మంచం మీద కూర్చుని పని చేసేవాళ్లకి పరీక్షల అట్ట భేషుగ్గా పనికొస్తుంది. దుప్పటి మీద నేరుగా మాత్రం వాడొద్దు, నూగు సెన్సర్ కంతలో చేరుతుంది.

5. పెట్టె మీది అంకెల్లో ఏవి పట్టించుకోవాలి?

డీపీఐ: మౌస్ ఒక అంగుళం కదిలితే పాయింటర్ ఎన్ని చుక్కలు జరుగుతుందో చెప్పే అంకె. 1000 డీపీఐ మౌస్‌తో 1920 చుక్కల వెడల్పున్న ఫుల్ హెచ్‌డీ తెరని ఈ కొస నుంచి ఆ కొసకి దాటడానికి 5 సెంటీమీటర్లలోపు కదిలిస్తే చాలు. ల్యాప్‌టాప్‌కి 1000 నుంచి 1600 సరిపోతుంది. 4కే మానిటర్ తగిలించేవాళ్లకి 1600, ఆపైన. రూ.350 మౌస్ మీద 3200 అని రాసి ఉంటే మురిసిపోవద్దు. ఆ వేగంలో చిన్న బటన్ మీద పాయింటర్ నిలపడమే కష్టం.

డీపీఐ మార్చే బటన్ చక్రం వెనక ఉంటే మంచిదే, కానీ దానికోసం డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు. వేగం విండోస్‌లోనే మార్చుకోవచ్చు.

పోలింగ్ రేటు: 125 హెర్ట్జ్ అంటే మౌస్ 8 మిల్లీ సెకన్లకోసారి తన స్థానం చెబుతుంది. ఆఫీసు పనికి చాలు.

దూరం: '10 మీటర్లు' అన్న అంకెతో మనకి పని లేదు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి అర మీటరు చాలు.

రంగు దీపాలు: వద్దు. బ్యాటరీ తినడం తప్ప వాటి వల్ల పని జరగదు.

సైలెంట్ క్లిక్: ఇది మాత్రం ఆలోచించాల్సిన విషయమే. ఇంట్లో పసిపాప ఉన్నా, హాస్టల్ గదిలో రాత్రి పని చేసినా, ఎప్పుడూ మీటింగుల్లో మైకు తెరిచి ఉన్నా అదనంగా వంద, రెండొందలు పెట్టొచ్చు. నొక్కినప్పుడు కొంచెం మెత్తగా, రబ్బరు నొక్కినట్టు ఉంటుంది. అది కొందరికి నచ్చదు. వీలైతే నొక్కి చూసి కొనండి.

వారంటీ: అన్నిటికన్నా ముందు చూడాల్సిన అంకె ఇదే. ఈ ధరల్లో 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా ఉంటుంది. ముందు పాడయ్యేది ఎడమ బటన్ కింది స్విచ్, అదీ మొదటి నెలలో కాదు, ఏడాది అటూ ఇటూ. మూడేళ్ల వారంటీకి వంద రూపాయలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

6. సెల్లా, చార్జింగా?

ఒక్క ఏఏ సెల్‌తో నడిచే మౌస్‌ని నిశ్చింతగా కొనొచ్చు. సెల్ అయిపోతే ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది. ఏఏఏ సెల్, అంటే టీవీ రిమోట్‌లో వేసే సన్నది, వాడే మౌస్ తేలిగ్గా ఉంటుంది. కానీ దానిలో శక్తి సుమారు సగమే కాబట్టి త్వరగా మార్చాలి.

ఏ సెల్ వేయాలి:

☐ ఆల్కలైన్: ఎక్కువ కాలం వస్తుంది. ఇదే వేయండి.
☐ చవక జింక్-కార్బన్ సెల్: త్వరగా అయిపోతుంది. పైగా అయిపోయాక లోపల వదిలేస్తే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి.
☐ రీచార్జబుల్ సెల్: 1.2 వోల్టులే ఇస్తుంది, ఆల్కలైన్ 1.5 ఇస్తుంది. చాలా మౌస్‌లు దీనితో నడుస్తాయి గానీ బ్యాటరీ అయిపోతోందన్న హెచ్చరిక ముందే రావచ్చు.

లోపలే బ్యాటరీ ఉండి కేబుల్‌తో చార్జ్ చేసేవి కూడా ఇప్పుడు రూ.500లోపు వస్తున్నాయి. సెల్ ఖర్చు లేదన్నది నిజమే. కానీ ఆ బ్యాటరీ రెండు మూడేళ్లకి నీరసించాక మార్చడం కష్టం, మౌస్ మొత్తం పోయినట్టే. కొనాలనుకుంటే రెండు చూడండి: చార్జ్ అవుతూ ఉండగా పనిచేస్తుందా, చార్జింగ్ పోర్టు టైప్-సీనా. చవకవాటిలో కొన్ని టైప్-సి పోర్టు ఉన్నా రెండు కొసలూ టైప్-సి అయిన ఫోన్ కేబుల్‌తో చార్జ్ అవ్వవు. పెట్టెలో వచ్చిన, ఒక కొస టైప్-ఎ ఉన్న కేబుల్‌తోనే అవుతాయి. మౌస్ పాడైందనుకునే ముందు ఆ కేబుల్ వెతకండి.

7. బడ్జెట్

రూ.300లోపు: ఊరూ పేరూ లేనివి ఎక్కువ. అత్యవసరానికి, ప్రయాణంలో స్పేర్‌గా ఉంచుకోవడానికి సరే. రోజువారీ పనికి వద్దు.

రూ.400–800: చాలామందికి ఇక్కడే ఆగడం తెలివైన పని. లాజిటెక్ బి170, ఎం185, డెల్ డబ్ల్యూఎం126 ఈ వరసలోవి. మూడూ డాంగిల్‌వి, మూడిటికీ ఒక్కో ఏఏ సెల్. చూడ్డానికి సాదాసీదాగా ఉంటాయి, కానీ పని సాఫీగా జరిగిపోతుంది.

రూ.800 పైన: సైలెంట్ క్లిక్ కోసం లాజిటెక్ ఎం331, డాంగిల్, బ్లూటూత్ రెండూ కావాలంటే డెల్ ఎంఎస్3320డబ్ల్యూ, మూడు పరికరాల మధ్య మారాలంటే లాజిటెక్ పెబుల్ 2 ఎం350ఎస్. ఆఫర్ల రోజుల్లో ధరలు బాగా మారతాయి కాబట్టి రెండు మూడు చోట్ల పోల్చండి.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో కొంటే ఒక లాభం ఉంది: చేతిలో పట్టుకుని చూడొచ్చు, అక్కడే గుచ్చి పరీక్షించొచ్చు. ఆన్‌లైన్లో కొంటే పెట్టె తెరుస్తూ వీడియో తీసుకోండి. మౌస్‌లకి చాలాచోట్ల మార్చి ఇవ్వడమే తప్ప డబ్బు వాపసు ఉండదు, అదీ కొద్దిరోజులే.

ఎక్కడ కొన్నా ఇవి చూడండి:

☐ పెట్టె మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, ఫిర్యాదుల నంబర్ ఉన్నాయా? ఇవేవీ లేకుండా పేరున్న కంపెనీ బొమ్మ మాత్రమే ఉంటే నకిలీ అని అనుమానించాలి.
☐ మౌస్ అడుగునో, బ్యాటరీ గూటిలోనో మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉన్నాయా?
☐ తేదీతో జీఎస్‌టీ బిల్లు ఇచ్చారా? వారంటీకి ఆధారం అదే. వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి.

8. మొదటి రోజే పది నిమిషాల పరీక్ష

సెల్ వేసేముందు దాని కొసన పలచటి ప్లాస్టిక్ ముక్క ఉంటే లాగేయండి. అడుగున ఆన్-ఆఫ్ మీట జరపండి. 'మౌస్ పనిచేయట్లేదు' అన్న ఫిర్యాదులు కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

తర్వాత వరసగా:

1) విండోస్‌లోని పెయింట్ ప్రోగ్రామ్ తెరిచి అందులోని పెన్సిల్‌తో ఏటవాలు గీత నెమ్మదిగా గీయండి. చేతి వణుకు కాకుండా మెట్లు మెట్లుగా, గెంతుతూ వస్తే సెన్సర్‌ని గానీ టేబుల్‌ని గానీ అనుమానించాలి. కాగితం మీద పెట్టి మళ్లీ గీయండి.

2) మౌస్‌ని కదపకుండా వదిలేయండి. పాయింటర్ తనంతట తాను జరగకూడదు.

3) డెస్క్‌టాప్ మీది ఒక ఫైల్‌ని పట్టుకుని తెరంతా నాలుగుసార్లు తిప్పండి. మధ్యలో జారిపోతే ఎడమ స్విచ్‌లో లోపం ఉంది. ఇదే అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష.

4) ఒక ఫోల్డర్ మీద ఒక్కసారి చొప్పున ఇరవైసార్లు నెమ్మదిగా క్లిక్ చేయండి. ఒక్కసారైనా దానంతటదే తెరుచుకుంటే మార్పించుకోండి.

5) పొడవాటి పేజీని చక్రంతో కిందికి తిప్పండి. కిందికి వెళ్తూ వెళ్తూ ఒక్క అడుగు పైకి గెంతకూడదు. చక్రాన్ని నొక్కి కూడా చూడండి, బ్రౌజర్‌లో లింక్ మీద నొక్కితే కొత్త ట్యాబ్ రావాలి.

6) పది నిమిషాలు వదిలేసి మళ్లీ కదపండి. వెంటనే లేస్తే మంచిది. క్లిక్ కొడితేనే లేచే రకాలూ ఉన్నాయి. అది లోపం కాదు గానీ నచ్చకపోతే ఇప్పుడే తేల్చుకోండి.

9. విండోస్‌లో అమరిక

సెట్టింగ్స్‌లో 'బ్లూటూత్ అండ్ డివైసెస్', అందులో 'మౌస్'. పాయింటర్ వేగం మధ్యలో ఉంచి రెండ్రోజులు వాడాక మాత్రమే మార్చండి. 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్ ఉంటే, చేయి వేగంగా కదిలినప్పుడు పాయింటర్ ఇంకా దూరం పోతుంది. ఫొటోలు దిద్దేవాళ్లకి, డిజైన్ పనివాళ్లకి అది తీసేస్తే చెయ్యి కుదురుతుంది.

ఎడమచేతి వాటం వాళ్లు అక్కడే ప్రైమరీ బటన్‌ని కుడికి మార్చుకోవచ్చు.

10. సమస్యలు, సవరణలు

పాయింటర్ తడబడుతోంది, హార్డ్ డిస్క్ గుచ్చినప్పుడు మరీ ఎక్కువ: యూఎస్‌బీ 3 పోర్టులు, కేబుళ్లు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో రొద పుట్టిస్తాయి. మీ డాంగిల్ మాట్లాడేదీ అక్కడే. డాంగిల్‌ని హార్డ్ డిస్క్‌కి అవతలి పక్కనున్న పోర్టుకి మార్చండి, యూఎస్‌బీ 2 పోర్టు ఉంటే ఇంకా మంచిది. రెండూ కుదరకపోతే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని బయటికి, మౌస్ దగ్గరికి లాగండి. కొత్త మౌస్ కొనేముందు ఈ పని చేయండి.

బ్లూటూత్ మౌస్ మాటిమాటికీ తెగిపోతోంది: ముందు సెల్ మార్చండి. తర్వాత వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో 'పవర్ మేనేజ్‌మెంట్' ట్యాబ్ ఉంటే, విద్యుత్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్ తీసేయండి. ఆ ట్యాబ్ అన్ని ల్యాప్‌టాప్‌లలో కనిపించదు. చివరగా మౌస్‌ని జాబితా నుంచి తొలగించి మళ్లీ జత చేయండి.

ఒక క్లిక్‌కి రెండు పడుతున్నాయి: ముందు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో ఒక్క క్లిక్‌తో తెరిచే అమరిక పొరపాటున పెట్టి ఉందేమో చూడండి. లేకపోతే మౌస్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే స్విచ్ లోపలి సన్నటి రేకు అరిగిందన్నమాట. వారంటీ ఉంటే మౌస్ విప్పొద్దు, విప్పితే ఆ హక్కు పోవచ్చు. వారంటీ అయిపోతే రిపేరు చేసేవాళ్లు స్విచ్ మార్చి అతికించగలరు. రూ.500 మౌస్‌కి ఆ కూలి గిట్టుబాటు అవుతుందో లేదో ముందే అడగండి.

చక్రం ఎదురు తిరుగుతోంది: లోపల దుమ్ము, వెంట్రుకలు చేరి ఉంటాయి. సెల్ తీసేసి, చక్రం సందులోకి గాలి బుడ్డితో గట్టిగా ఊది, చక్రాన్ని రెండువైపులా బాగా తిప్పండి. నోటితో ఊదితే తడి చేరుతుంది.

సెల్ కారింది: తెల్లటి, ఆకుపచ్చటి పొడి కనిపిస్తుంది. చేతితో ముట్టుకోకండి. ఆల్కలైన్ సెల్ అయితే దూది పుల్లని వెనిగర్‌లో కొద్దిగా ముంచి స్ప్రింగు తుడవండి, తర్వాత తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరాక కొత్త సెల్ వేయండి. సెలవులకి ఊరెళ్లేటప్పుడు సెల్ తీసి పక్కన పెడితే ఈ బాధే ఉండదు.

డాంగిల్ వంగింది: ల్యాప్‌టాప్‌ని డాంగిల్‌తో సహా సంచిలో తోసేస్తే జరిగేది ఇదే. డాంగిల్‌తో పాటు పోర్టు కూడా వదులవుతుంది, దాని రిపేరు ఖర్చు మౌస్ ధరని దాటిపోతుంది. రోజూ మోసుకెళ్లేవాళ్లు పని అవ్వగానే డాంగిల్ తీసి మౌస్ గూట్లో పెట్టండి.

వారంటీ ఉండగానే కంపెనీ గానీ అమ్మినవాళ్లు గానీ తిప్పుకుంటూ ఉంటే, బిల్లు, సీరియల్ నంబర్ చేతిలో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నమోదయ్యాక వచ్చే నంబర్‌ని రాసి ఉంచుకోండి, తర్వాతి ప్రతి ఫోన్‌లోనూ ముందు అదే అడుగుతారు.